పలుచని ఎరుపు

మోరే ఊళ్లో ముప్పై ఎనిమిదేళ్లు
కళ్లజోళ్లకి అద్దాలు అరగదీశాను.
అవతలి మనిషి కనబడనిదాన్ని
అందుకే ఓ పట్టాన నమ్మను.

అన్సెల్మ్ అలా కాదు.
నవంబరు రాగానే వాడికి నల్లటి వైన్ కావాలి,
చెంచా నిలబెడితే నిలబడేది,
దక్షిణాది ఎండంతా సీసాలో కూరినట్టుండేది.
"చలికి గొంగడి కప్పుకుంటాంగానీ
చేతిరుమాలు కప్పుకుంటామా" అంటాడు.
ఏటా ఇదే మాట.
ఏటా రెండో గ్లాసుకే
గడ్డం గుండెల మీదికి వాలిపోయి, గురక.

మొన్న జనవరిలో
మంచు కిటికీ గట్టు దాటి పేరుకున్న రాత్రి
కరెంటు పోయింది.
రోడ్డు మీద మంచు తోసే బండి
అదే ఏదో మలుపులో కూరుకుపోయిందట.
అన్సెల్మ్ లాంతరు పట్టుకుని వచ్చాడు.
వాడి సీసా మాత్రం లోపలికి రాలేదు.
మెట్ల మీద చెయ్యి జారి
తెల్లటి మంచునంతా
పంది కోసిన చోటులా చేసింది.
అయ్యో అనాలో నవ్వాలో తెలీక
ముగ్గురం కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాం.

ఒదీల్ కిటికీ తెరిచి
మంచులోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి
మా పూల్సార్ సీసా లాగింది, ముల్లంగి పీకినట్టు.
కింద అర్బువా వైపు కొండవాలుది.
తోలు మరీ పలుచనైన ద్రాక్ష,
వానెక్కువైతే చిట్లుతుంది,
వేలు గట్టిగా తగిలితే కంటతడి పెడుతుంది.
మా మామగారు దీన్ని పెళ్లిళ్లలో బయటికి తీసేవాడు కాదు,
నీళ్లు కలిపాడంటారని.

గ్లాసులో పోస్తే ఉల్లిపొర రంగు.
లాంతరు ముందు పట్టుకుంటే
అవతలున్న నా వేళ్లు, వేళ్ల మీది పాత గాట్లు
ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు.

"ఇది వైన్ కాదు, వైన్ తాగిన గ్లాసు కడిగిన నీళ్లు,"
అన్నాడు అన్సెల్మ్.
తాగాడు.
గ్లాసు మళ్లీ జరిపాడు, ఏమీ అననట్టే.

పొయ్యి మీద పొగబెట్టిన సాసేజి,
తొక్కతో ఉడికిన బంగాళాదుంపలు,
వాటి మీద కరిగీ కరగని చీజు.
పళ్లెంలో ఇంత బరువుండగా
గ్లాసులోనూ బరువేనా?
ఒక్క గుక్కకి నాలుక
తుడిచిన పలకయింది.
పుల్లగా, చల్లగా,
పక్కగదిలో ఎవరో అడవి స్ట్రాబెర్రీలు తింటున్నంత దూరంగా
ఓ వాసన.
మళ్లీ ముద్ద. మళ్లీ గుక్క.
కిటికీ మీద మంచు జారిన చప్పుడు.

రెండో గ్లాసయింది. గడ్డం వాలలేదు.
మూడోది. పొయ్యిలో కట్టె పక్కకి ఒరిగింది.
ఎన్నేళ్లయిందో
వాడి కళ్లు ఆ వేళప్పుడు తెరుచుకునుండగా చూసి.
మాట కోసం వెతుక్కుంటూ
బల్ల మీది చీజు తునకల్ని ఒకచోటికి చేర్చాడు.

అప్పుడు చెప్పాడు,
కొట్టంలో పదకొండు ఆవులూ
పోయిన నెలే లారీ ఎక్కాయని.

"మరి ఆ గంటలు?" అంది ఒదీల్.
రోజూ పొద్దున వింటూనే ఉన్నాం కదా.

"ఒకటి ఉంచుకున్నా.
లేవగానే కొట్టంలోకెళ్లి కాసేపు ఆడిస్తా.
మీరు అడగకుండా."

నోరు విప్పితే పలుచనైపోతామని
ఏళ్ల తరబడి నల్లటిదేదో కప్పుకుని పడుకున్నాడు.
ఆ మాట నేను పైకనలేదు.
ఒదీల్ సీసాలో మిగిలిన రెండు వేళ్ల వైన్
వాడి గ్లాసులో వంపేసింది.
వాడు దాన్ని లాంతరు వైపెత్తి
అందులోంచి నన్ను చూశాడు,
నా కొట్టుకొచ్చి కొత్త అద్దాలు సరిచూసుకునేవాళ్లలాగే
ముందు ఒక కన్నుతో, తర్వాత రెండో కన్నుతో.

తెల్లారింది. గంట మోగింది.
ఎప్పటికన్నా కాస్త ఆలస్యంగా.
మేం లేచాం.
ఒదీల్ కిటికీ తెరిచి
ఇంకో సీసా మంచులో పాతింది.